మార్కు ఎవరి కోసం? మెట్రిక్యులేషన్ నుంచి డిటెన్షన్ దాకా

1858లో కలకత్తా విశ్వవిద్యాలయం తన తొలి బి.ఏ. పరీక్ష నిర్వహించింది. నిబంధనల ప్రకారం అన్ని పాఠ్యాంశాల్లోనూ నెగ్గినవారు ఒక్కరూ లేరు. ఇద్దరు మాత్రం ఆరింటిలో అయిదింట చక్కగా ఉత్తీర్ణులై, ఆరోదానిలో ఏడుకు మించని మార్కుల తేడాతో తప్పారు. విశ్వవిద్యాలయం ఆ లోటును ప్రత్యేకానుగ్రహంగా మన్నించి వారికి పట్టాలిచ్చింది. ఆ ఇద్దరిలో ఒకరు జదునాథ్ బోస్. రెండవవారు తరువాతి కాలంలో వందేమాతర గీతకర్తగా జాతి చరిత్రలో నిలిచిన బంకించంద్ర చటోపాధ్యాయ. ఆ విశ్వవిద్యాలయపు తొలి పట్టభద్రులు గ్రేస్ మార్కుల పట్టభద్రులు.

ఈ ఉదంతాన్ని సాధారణంగా సరదా విశేషంగా చెప్పుకుంటారు. అందులో ఒక రాజకీయ సత్యం ఉంది. ఏడు మార్కుల లోటు బంకించంద్రుని ప్రతిభ గురించి చెప్పింది తక్కువ. గీత ఎక్కడ గీయాలో, ఎవరికోసం దాన్ని జరపాలో నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉందో చెప్పింది ఎక్కువ.

నూట అరవై ఆరేళ్ల తరువాత, 2024 డిసెంబరు 16న, కేంద్ర ప్రభుత్వం విద్యాహక్కు నిబంధనలను సవరించింది. అయిదు, ఎనిమిది తరగతుల వార్షిక పరీక్షల్లో తప్పినవారికి అదనపు బోధన అందించి, రెండు నెలల్లోగా మరో అవకాశమిచ్చి, అప్పుడూ తప్పితే అదే తరగతిలో నిలిపివేయవచ్చు. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయ, సైనిక పాఠశాలలు వంటి కేంద్ర విద్యాసంస్థలకు ఇది వర్తిస్తుంది. పదేళ్ల పిల్లకు వేసే మార్కు ఎవరికోసమన్న పాత ప్రశ్న దీనితో మళ్లీ ముందుకొచ్చింది. దానికి ఈ దేశం వేర్వేరు కాలాల్లో వేర్వేరు సమాధానాలిచ్చింది. ఒక్కదాన్నీ పూర్తిగా వదులుకోలేదు.

వార్షిక పరీక్ష లేని బడి

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన పాలనలోని జిల్లాల్లో దేశీయ విద్యాస్థితిపై విచారణకు ఆదేశించాడు. 1823లో బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ పంపిన నివేదిక వాటిలో ప్రసిద్ధమైనది. అంతకు ఏడేళ్ల ముందే తెలుగు వ్యాకరణం ప్రచురించిన ఆ అధికారికి వీధిబడుల వ్యవహారం బాగానే తెలుసు. పిల్లవాడు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకుంటూ మొదలుపెడతాడు. ముందు నేర్చినవారు వెనుకనున్నవారికి చెబుతారు. ఒక మెట్టు వచ్చిందని పంతులుకు తోచినప్పుడు తరువాతి మెట్టుకు పంపుతాడు. ఏడాది చివర అందరికీ ఒకేసారి జరిగే పరీక్ష, అందులో గెలుపోటముల పట్టిక ఆ బడికి అవసరం లేదు. జాబు చదవగలగడం, కరణం లెక్క అర్థం చేసుకోగలగడమే చదువు వచ్చిందనడానికి రుజువు.

దీన్ని స్వర్ణయుగంగా చిత్రించడం పొరపాటు. అస్పృశ్యులుగా ముద్రపడిన కులాలకూ, ఆడపిల్లలకూ ఆ బడి తలుపు దాదాపు మూసే ఉండేది. లోపలికి రానివ్వని వ్యవస్థకు తప్పించవలసిన పనే లేదు. నేటి చర్చలో పాత బడిని ఉదాహరించేవారు ఈ రెండో సగాన్ని విడిచిపెడుతుంటారు.

ఉద్యోగపు జల్లెడ, గ్రాంటు లెక్క

1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్, ఇంగ్లీషు చదువు చదివినవారికి ప్రభుత్వోద్యోగాల్లో ప్రాధాన్యమివ్వాలని నిర్ణయించాడు. చదువుకు కొలువుతో ముడిపడిన ఆ క్షణంలోనే పరీక్షకు కొత్త పని అప్పగించబడింది. పదేళ్లకు చార్లెస్ వుడ్ పంపిన విద్యాపత్రం ఆధారంగా 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. వాటికి నమూనా నాటి లండన్ విశ్వవిద్యాలయం. అంటే పాఠం చెప్పే సంస్థలు కావు, పరీక్ష పెట్టే సంస్థలు. అనుబంధ కళాశాలల్లో చదువు, విశ్వవిద్యాలయం చేతిలో ప్రశ్నపత్రం, పట్టా. కింది బడులన్నీ మెట్రిక్యులేషన్ అనే ఒకే ద్వారం వైపు తిరిగి నిలబడ్డాయి. సర్కారుకు కావలసింది గుమాస్తాలు, ఉపాధ్యాయులు, దిగువ స్థాయి న్యాయాధికారులు. అభ్యర్థులు వేలల్లో, కొలువులు వందల్లో. వడపోతకు పరీక్షంత చవకైన సాధనం మరొకటి లేదు. ‘మెట్రిక్ ఫెయిల్’, ‘బి.ఏ. ఫెయిల్’ అన్న మాటలను కూడా అర్హతగా దరఖాస్తులో రాసుకునే విచిత్రమైన ఆచారం ఆ రోజుల్లోదే. జల్లెడ దాకా చేరడం కూడా గౌరవమే అయిన సమాజమది.

రెండో పని ఇంగ్లండు నుంచి దిగుమతి అయింది. 1862లో రాబర్ట్ లో అక్కడి ప్రాథమిక పాఠశాలలకు సవరించిన విద్యా నియమావళి తెచ్చాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి చదవడం, రాయడం, లెక్కల్లో పిల్లలను పరీక్షిస్తాడు. నెగ్గిన తలలను బట్టి బడికి గ్రాంటు. ఖర్చు తగ్గాలి, లేదా ఫలితం పెరగాలి అన్నది ఆయన వాదం. ఆ దశాబ్దంలోనే ఈ ఫలితాధారిత గ్రాంటు పద్ధతి మద్రాసు, బొంబాయి ప్రాంతాలకూ పాకింది. ఇక్కడ పరీక్ష రాస్తున్నది పిల్లవాడు, పరీక్షింపబడుతున్నది బడి. పిల్లవాడి జవాబు ఖజానా లెక్కలో ఒక పద్దు. పంతులు జీతం ఇన్‌స్పెక్టరు రాక మీద ఆధారపడినప్పుడు బోధన వల్లెవేతగా మారడం నేరం కాదు, ఆత్మరక్షణ.

1882 నాటి హంటర్ కమిషన్ ప్రాథమిక విద్యలో ఈ పద్ధతిని సమర్థించింది. 1904లో కర్జన్ ప్రభుత్వ విద్యా తీర్మానం మాత్రం పరీక్షలు చదువుపై పెత్తనం చేస్తున్నాయని ఒప్పుకుంది. ఫలితాధారిత గ్రాంట్లు క్రమంగా కనుమరుగయ్యాయి. అయితే అదే ఏడాది కర్జన్ తెచ్చిన విశ్వవిద్యాలయాల చట్టాన్ని గోపాలకృష్ణ గోఖలే వంటి నాయకులు గట్టిగా ప్రతిఘటించారు. ప్రమాణాల పేరిట విద్యపై సర్కారు అదుపు బిగుస్తోందన్నది వారి అనుమానం. ప్రమాణం అన్న మాట వెనుక ఎవరి పెత్తనం ఉందని అడగడం భారత రాజకీయాల్లో కొత్త అలవాటు కాదు.

1907: మార్కుకు మరో ముఖం

పరీక్షను వలస పాలన సంకెలగా మాత్రమే చూసే కథనానికి అడ్డువచ్చే సంవత్సరం 1907. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలు నుంచి భీంరావ్ అంబేడ్కర్ ఆ ఏడాది మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడయ్యాడు. అస్పృశ్య కుటుంబం నుంచి వచ్చిన యువకుడు ఆ గడప దాటినందుకు అభినందన సభ జరిగింది. కృష్ణాజీ కేలుస్కర్ తాను రాసిన బుద్ధచరిత్రను ఆయనకు బహూకరించాడు. తరగతి గదిలో విడిగా కూర్చోబెట్టగలరు, కుండలోని నీళ్లు ముట్టనివ్వకపోగలరు. పేరు తెలియని పరీక్షకుడు వేసిన మార్కును మాత్రం కొట్టివేయలేరు. ఊరి పెద్ద సిఫారసు, పంతులు అభిమానం, వంశగౌరవం నడిపే సమాజంలో ముఖం చూడని పరీక్ష ఒక రక్షణ. బడి అంతర్గత మార్కులంటే నేటికీ దళిత, ఆదివాసీ తల్లిదండ్రుల్లో కనిపించే భయానికి మూలం ఇక్కడే ఉంది. పరీక్షలను రద్దు చేయమనే ప్రగతిశీలురు దీన్ని తరచు మరచిపోతారు.

బడి మాటకు విలువనిచ్చే ప్రయోగం కూడా ఆ కాలంలోనే మద్రాసు రాష్ట్రంలో జరిగింది. 1911 ప్రాంతంలో మెట్రిక్యులేషన్ స్థానే వచ్చిన ఎస్సెస్సెల్సీ పథకంలో పబ్లిక్ పరీక్ష మార్కులతో పాటు బడిలో విద్యార్థి చేసిన పని కూడా ధ్రువపత్రంలో నమోదయ్యేది. కోస్తా, రాయలసీమల్లో రెండు మూడు తరాల వారికి ఎస్సెస్సెల్సీ అన్నది ఇంటిపేరంత పరిచితమైన మాట. బడి రికార్డును చదివే ఓపిక మాత్రం కొలువులిచ్చేవారికి లేకపోయింది. వారికి కావలసింది ఒకే అంకె.

ఇక పరీక్ష తొలి తరగతుల్లో ఏం చేస్తున్నదో 1929 నాటి హార్టోగ్ కమిటీ లెక్కగట్టింది. ఒకటో తరగతిలో చేరిన ప్రతి వందమందిలో మూడేళ్లకు నాలుగో తరగతికి చేరినవారు ఇరవైమంది కూడా లేరు. మధ్యలో మానేయడానికి ‘వృథా’ అనీ, ఒకే తరగతిలో ఏళ్ల తరబడి ఆగిపోవడానికి ‘స్తబ్ధత’ అనీ ఆ కమిటీ పేర్లు పెట్టింది. రెండూ వేరు వేరు జబ్బులు కావు. ఆగిపోయినవాడే తరువాత మానేస్తాడు. తప్పిన పిల్లవాడి కోసం బడిలో ఎవరూ ఎదురుచూడరు. పొలంలోనో, పశువుల దగ్గరో ఎదురుచూసేవారుంటారు.

కమిషన్లన్నీ ఒకే మాట

స్వాతంత్ర్యం తరువాత ఈ విషయంలో నిపుణుల మధ్య ఉన్నంత ఏకాభిప్రాయం మరే విధాన రంగంలోనూ కనిపించదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948–49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, తాము ఒకే ఒక్క సంస్కరణ సూచించవలసి వస్తే అది పరీక్షల సంస్కరణే అవుతుందని తేల్చింది. మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతి ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ నాయకత్వంలోని మాధ్యమిక విద్యా కమిషన్ (1952–53) బయటి పరీక్షలు తగ్గించి, అంకెలకు బదులు అయిదు శ్రేణులు వాడమంది. 1950ల చివర్లో అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ వచ్చి ప్రశ్నపత్రాల రచనలో మన నిపుణులకు తోడ్పడ్డాడు. కొఠారీ కమిషన్ (1964–66) ఒకటి నుంచి నాలుగు తరగతులను ఒకే విభాగంగా చూడాలనీ, పట్టాలో పాఠ్యాంశాలవారీ ఫలితం చాలు, మొత్తంగా పాసు, ఫెయిలు అన్న ముద్ర వద్దనీ చెప్పింది. 1986 జాతీయ విద్యావిధానం మార్కుల స్థానంలో గ్రేడ్లను, నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని లక్ష్యంగా ప్రకటించింది. 1993లో యశ్‌పాల్ కమిటీ బడిసంచి బరువు కన్నా అర్థం కాని చదువు బరువే పెద్దదంది.

నలభై అయిదేళ్ల పాటు కాంగ్రెస్ ప్రభుత్వాలు, కాంగ్రెసేతర ప్రభుత్వాలు ఈ నివేదికలను స్వాగతించాయి. అమలు మాత్రం అంచులకే పరిమితమైంది. దీనికి అధికారుల అలసత్వాన్ని నిందించడం తేలిక. అసలు కారణం కొరత. మంచి కళాశాలలు తక్కువ, స్థిరమైన కొలువులు అంతకన్నా తక్కువ. కొరతను పంచే బాధ్యత రాజకీయ వ్యవస్థది. అయితే ఎవరికి దక్కాలో, ఎవరికి దక్కకూడదో తన నోట చెప్పడం ఏ ప్రభుత్వానికీ ఇష్టముండదు. ఆ అప్రియమైన మాట మార్కు చెబుతుంది. సీటు రాని విద్యార్థి సర్కారును కాక తనను తాను నిందించుకుంటాడు. మార్కు ఇక్కడ పాలకులకు చేసే సేవ ఇది.

ఆ అంకెతో రాజ్యం ఆడుకుంటే ఏమవుతుందో పొరుగు దేశం చూపింది. 1970ల ఆరంభంలో శ్రీలంక విశ్వవిద్యాలయ ప్రవేశాలకు మాధ్యమాలవారీ ‘ప్రామాణీకరణ’ తెచ్చింది. వైద్యం, ఇంజనీరింగు వంటి కోర్సులకు సింహళ మాధ్యమ విద్యార్థుల కన్నా తమిళ మాధ్యమ విద్యార్థులు ఎక్కువ మార్కులు తెచ్చుకోవలసి వచ్చింది. తరువాత జిల్లాల కోటాలతో దాన్ని మార్చినా, తమిళ యువతలో ఆ గాయం మానలేదు. ఆ దేశపు అంతర్యుద్ధానికి దారితీసిన కారణాల్లో చరిత్రకారులు దీన్ని తప్పక లెక్కిస్తారు. బంగ్లాదేశ్‌ది మరో అనుభవం. 2001లో ఆ దేశం ఎస్సెస్సీ ఫలితాలను జీపీఏ పద్ధతికి మార్చింది. మార్కుల మోజు తగ్గలేదు, జీపీఏ అయిదు కోసం పరుగుగా రూపం మార్చుకుంది. అంకెకు బదులు అక్షరం రాసినంత మాత్రాన కొరత తీరదు.

2009 మాట, 2019 మలుపు

2009లో పార్లమెంటు ఆమోదించి, 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఈ చరిత్రలో నిజమైన తెగింపు. దాని 16వ సెక్షను ఎలిమెంటరీ విద్య ముగిసేదాకా ఏ బిడ్డనూ ఒక తరగతిలో నిలపరాదంది. 29వ సెక్షను నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని విధించింది. 30వ సెక్షను అప్పటిదాకా బోర్డు పరీక్ష వద్దంది. ఈ మూడూ ఒకే వాక్యంలోని మూడు భాగాలు. పిల్లను ఆపవద్దు, రోజూ గమనించు, వెనకబడితే అక్కడికక్కడే చేయందించు. మార్కు తొలిసారి చట్టరీత్యా పిల్ల కోసం పనిచేయవలసి వచ్చింది.

ఆచరణలో మొదటి భాగం ఒక్కటే నిలిచింది. ఆపకపోవడానికి ఖర్చు లేదు. గమనించడానికి, చేయందించడానికి ఉపాధ్యాయులు కావాలి, శిక్షణ కావాలి, తరగతిలో పిల్లల సంఖ్య తగ్గాలి. ఒక్క పంతులు రెండు మూడు తరగతులు నడిపే బడిలో నిరంతర మూల్యాంకనం నిరంతరం పూరించే ఫారాలుగా మిగిలింది. పట్టణాల్లో అది పిల్లల పేరిట తల్లిదండ్రులు చేసే ప్రాజెక్టులుగా, దుకాణాల్లో కొనే చార్టులుగా తేలింది. గ్రామీణ భారతంలో అయిదో తరగతి పిల్లల్లో సుమారు సగం మంది రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారని ‘అసర్’ సర్వేలు ఏటేటా చెబుతూ వచ్చాయి. చదవడం రాని పిల్లను పై తరగతికి పంపడం కరుణ కాదన్న విమర్శలో పస ఉంది. కూలి డబ్బుతో ట్యూషను పెట్టించే తల్లికి, తన బిడ్డకు ఏమొచ్చో, ఏం రాదో ఎనిమిదో తరగతి దాకా ఎవరూ చెప్పకపోవడం అన్యాయమే.

ఆ అసంతృప్తి రాజకీయాల్లో త్వరగా పలికింది. హర్యానా విద్యామంత్రి గీతా భుక్కల్ నేతృత్వంలోని ఉపసంఘం నిలుపుదల నిషేధాన్ని పునఃసమీక్షించమంది. సీబీఎస్ఈ పదో తరగతి బోర్డు పరీక్ష 2018 నుంచి తిరిగి తప్పనిసరి అయింది. 2019 జనవరిలో విద్యాహక్కు సవరణకు రాజ్యసభ ఆమోదం లభించి, నిర్ణయం రాష్ట్రాల చేతికి వచ్చింది. పలు రాష్ట్రాలు నిలుపుదలను తిరిగి తెచ్చాయి. తమిళనాడు మాత్రం 2024 నోటిఫికేషను తరువాత కూడా ఎనిమిదో తరగతి దాకా ఎవరినీ ఆపబోనని ప్రకటించింది. కర్ణాటకలో అయిదు, ఎనిమిది, తొమ్మిది తరగతులకు బోర్డు తరహా పరీక్షలు పెట్టడంపై వివాదం సుప్రీంకోర్టుకు చేరి, 2024 ఏప్రిల్‌లో ఫలితాల ప్రకటనే నిలిచిపోయింది. విద్య 1976లో 42వ రాజ్యాంగ సవరణతో ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. పదేళ్ల పిల్ల ప్రోగ్రెస్ కార్డు అలా సమాఖ్య వివాదాంశమైంది.

సవరణ మద్దతుదారులు ఒక ప్రశ్నకు జవాబు చెప్పవలసి ఉంది. అయిదో తరగతి చివర తప్పిన పిల్ల మూడో తరగతిలో కూడా చదవలేకపోయింది. అప్పుడు గమనించని బడి, ఇప్పుడు రెండు నెలల్లో ఏం నేర్పగలదు? నేర్పకుండా అదే గదిలో, అదే పుస్తకంతో, అదే పద్ధతిలో మరో ఏడాది కూర్చోబెడితే మారేదేమిటి? తప్పిన పిల్లల జాబితాను ప్రధానోపాధ్యాయుడు స్వయంగా పర్యవేక్షించాలని, ఎలిమెంటరీ విద్య ముగిసేదాకా ఎవరినీ బడి నుంచి తొలగించరాదని కొత్త నిబంధనల్లో ఉంది. మంచిదే. అయితే బడికి పంతులును వేయని ప్రభుత్వాన్ని ఏ తరగతిలో నిలిపివేయాలో ఏ నిబంధనా చెప్పదు. రాబర్ట్ లో పద్ధతిలో కనీసం బడి శిక్ష పడేది. ఈ పద్ధతిలో శిక్ష పూర్తిగా పిల్లదే. ఆ పిల్ల ఎవరో ఊహించడం కష్టం కాదు. ఇంట్లో తొలిసారి బడి గడప తొక్కినది, వలస కూలీల వెంట మధ్యలో ఊరు మారినది, ఇంట్లో మాట్లాడే భాషలో పాఠం దొరకనిది.

అంకెను దైవవాక్కుగా భావిస్తే ఏమవుతుందో తెలుగు సమాజానికి ఎవరూ చెప్పనక్కరలేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడినప్పుడు మార్కుల నమోదులో తప్పులు బయటపడ్డాయి. ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా అని వచ్చిన చోట అసలు మార్కులు 99. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నట్లు వార్తలొచ్చాయి. తప్పిన మూడు లక్షలకు పైబడిన విద్యార్థుల జవాబుపత్రాలను ఉచితంగా పునఃపరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించింది. వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులని తేలింది. 1858లో ఏడు మార్కుల లోటును మన్నించిన వ్యవస్థకు ఇద్దరు విద్యార్థుల ముఖాలు తెలుసు. లక్షల పత్రాలను దిద్దే వ్యవస్థకు ఒక్కరి ముఖమూ తెలియదు. తన లెక్క తప్పు కావచ్చునన్న వినయమైనా దానికి ఉండాలి.

మార్కు చేసే పనులు నాలుగు. కొలువుకు వడపోయడం, బడి పనిని లెక్కగట్టడం, కులానికీ సిఫారసుకూ అతీతమైన రుజువుగా నిలవడం, ఏం రాలేదో పిల్లకూ పంతులుకూ చెప్పడం. నాలుగూ అవసరమే. వాటిని ఒకే అంకెతో, ఒకే రోజు, ఒకే పిల్ల మీద చేయించడమే ఈ దేశం చేస్తూ వచ్చిన పొరపాటు. ముఖం చూడని పరీక్ష పదో తరగతిలో, కళాశాల ద్వారం దగ్గర ఉండవలసిందే. బడి పనితీరును కొలవడానికి పిల్లలను ఆపనక్కరలేదు. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు, అయిదు, ఎనిమిది తరగతుల పరీక్షలను చదువు మెరుగుదల కోసమే ఉద్దేశించింది. అయిదో తరగతి పిల్లకు కావలసింది నాలుగోది ఒక్కటే. అది చెప్పగలిగే పంతులును ఆ బడిలో నిలపడం ప్రభుత్వం రాయవలసిన పరీక్ష. ఆ జవాబుపత్రం ఇన్నేళ్లుగా ఖాళీగానే ఉంది.